వినడానికి యాభై ఆరు

మోడెమ్ అరుపు మొదలైతే మా మామయ్య చేతిలో పని ఆపేసి తల ఒక పక్కకి వంచేవారు. తెర మీద అంకె పడకముందే "ఇరవై ఆరు వేల నాలుగొందలు" అనేసేవారు. ఒక్క క్షణం ఆగితే తెర మీద సరిగ్గా అదే అంకె పడేది. మొదటి రోజు ముచ్చటేసింది. నాలుగో రోజుకి ఒళ్ళు మండడం మొదలైంది. ఎందుకంటే ఆ మోడెమ్ వచ్చిన అట్టపెట్టె మీద నా అరచెయ్యంత అక్షరాలతో యాభై ఆరు అని ఉంది.

యాభై ఆరంటే సెకనుకి యాభై ఆరు వేల చుక్కలు అనుకోండి, నాకు అర్థమైంది అంతే. బొమ్మని చుక్కలుగా చేసి, ఆ చుక్కల్ని అరుపుగా చేసి, ఫోను తీగలోకి తోస్తుందట. సెకనుకి యాభై ఆరు వేలు తొయ్యాల్సింది మా ఇంట్లో ఇరవై ఆరు వేలు తోసి చేతులు దులుపుకుంటోంది. నా బతుకంతా ఆ తేడా మీద ఆధారపడి ఉంది కాబట్టి నాకు ఒళ్ళు మండడంలో వింతేమీ లేదు.

ఒక వారపత్రికలో పదకొండేళ్ళుగా అల్లికల పేజీ నాది. ఊలుతో అల్లుకునేవాళ్ళ కోసం గళ్ళ కాగితం మీద వారానికో బొమ్మ వేస్తాను. ఒక గడి ఒక కుట్టు. గడి ఏ రంగైతే కుట్టు ఆ రంగు ఊలుతో వెయ్యాలి. కింద "అల్లికలక్క" అని ఉంటుంది. అసలు పేరు పత్రికవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు, కూరల కొట్టతను కూడా అల్లికలక్కా అనే పిలుస్తాడు. బయట నేను ఒకరి భార్యని, ఒకరి కోడల్ని. ఆ పేజీలో మాత్రం నేను నేనే. మా ఆయన రైలు డ్రైవరు. ఇదంతా జరిగినప్పుడు ఆయన డ్యూటీలో ఉన్నారు. ఇంట్లో ఉన్నా ఏమీ మారేది కాదనుకోండి.

ఇదివరకు బొమ్మని కవర్లో పెట్టి బస్సులో పంపేదాన్ని. పత్రికవాళ్ళు కొత్త అచ్చు యంత్రం కొని పనులన్నీ ఒక రోజు ముందుకి జరిపారు. ఇక బస్సు కుదరదు, బొమ్మని స్కాన్ చేసి మంగళవారం సాయంత్రం ఐదులోపు మెయిల్లో పంపాలన్నారు. పాత మోడెముతో కుస్తీ పడి వరసగా రెండు వారాలు ఐదు దాటించాను. రెండో వారం ఎడిటరమ్మ ఫోన్ చేసింది. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు, అదే భయం. మూడోసారి కూడా ఐదు దాటితే ఆ పేజీని ముఖసౌందర్యానికి ఇచ్చేయమని పైవాళ్ళు చెప్పారని, తన చేతిలో ఇంకేమీ లేదని మెల్లగా చెప్పింది. నేను సరేనన్నాను. ఆ సాయంత్రమే వెళ్ళి యాభై ఆరు మోడెమ్ కొనుక్కొచ్చాను.

అది ఇరవై ఆరుకే తగులుకుందని తెలిసి ముందు రంగంలోకి దిగింది మా అత్తయ్య. పెట్టె మీద అంకె పక్కనున్న కె అంటే కిలో అని ఆవిడకి చెప్పింది నేనే, అది నా బుద్ధితక్కువ. అత్తయ్యకి కిలో అంటే ఒకటే అర్థం. యాభై ఆరు కిలోలని రాసి ఇరవై ఆరు తూస్తాడా అంటూ మోడెమ్ని సంచీలో వేసుకుని కంప్యూటర్ల కొట్టుకి బయల్దేరింది. కొట్టతను మర్యాదస్తుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, అదే మోడెమ్ని తన ఫోను తీగకి తగిలించి చూపించాడట. నలభై ఎనిమిది వేలు వచ్చింది. యంత్రం మంచిదే, మీ ఇంటి లైనే బాలేదు అన్నాడట. ఆ మాటని అత్తయ్య దారిలో ఒక్క అక్షరం కూడా పారేసుకోకుండా తెచ్చి మామయ్యకి అప్పజెప్పింది.

మా మామయ్య ముప్పై నాలుగేళ్ళు టెలిఫోను లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. వంటవాడితో ఉప్పు లేదనొచ్చు, ఆయనతో లైను బాలేదనకూడదు. భోజనం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నారు. అటక మీంచి పాత పనిముట్ల సంచీ దిగింది. అందులోంచి స్తంభమెక్కి లైను వినడానికి వాడే చేతి ఫోను బయటికొచ్చింది. నాలుగు రోజులు మా ఇంట్లో గోడలకి మనశ్శాంతి లేదు. వంటింట్లో ఉన్న రెండో ఫోను పీకేశారు, అది పక్కనుంటే లైను బలం పంచుకుంటుందట. గోడలోని సాకెట్ మార్చారు. తీగ చివర పట్టిన ఆకుపచ్చ చిలుముని బ్లేడుతో గీకి రాగిని బంగారంలా మెరిపించారు. ప్రతి మరమ్మతు అయ్యాక నన్ను మోడెమ్ నొక్కమనేవారు. అది ముందు కిచకిచమనేది, తర్వాత ఈలవేసేది, ఆ తర్వాత జల్లెడలో రాళ్ళు ఆడించినట్టు గరగరలాడేది. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. వెంటనే అంకె చెప్పేవారు. ఇరవై ఆరు. మళ్ళీ ఇరవై ఆరు. ఒకసారి ఇరవై నాలుగు. అప్పుడు మాత్రం గీకింది ఎక్కువైందేమో అని ఆయనే నసిగారు.

ఐదో రోజు మామయ్య ఒక్కరే కంప్యూటర్ల కొట్టుకి వెళ్ళారు. వాళ్ళ మోడెమ్ పాట విని వస్తానని వెళ్ళి గంటసేపటికి తిరిగొచ్చారు. ఏమైందంటే, వాళ్ళ పాటలో గరగర మొదలవ్వబోయే ముందు రెండుసార్లు "టంయ్, టంయ్" అంటోందని, మన ఇంట్లో ఆ టంయ్ రావడం లేదని చెప్పారు. మరి మనకెందుకు రావడం లేదని అడిగితే సంచీ సర్దుతూ కూర్చున్నారు. లైన్లకీ వయసుంటుందమ్మా అన్నారు చివరికి. ఆ తర్వాత ఆ సంచీ అటకెక్కిపోయింది. ముప్పై నాలుగేళ్ళ ప్రతాపం ఇంతేనా అని నేను లోపల గొణుక్కున్నాను. లోపలే లెండి.

మంగళవారం వచ్చింది. ఆ వారం బొమ్మ లకుముకి పిట్ట. రెల్లు కాడ మీద కూర్చుని కింద నీళ్ళలోకి చూస్తూ ఉంటుంది. అడ్డంగా ఎనభై గళ్ళు, నిలువుగా ఎనభై వరుసలు, ఐదు రంగులు. పదకొండేళ్ళలో అంత సన్నటి గళ్ళతో అంత పెద్ద బొమ్మ నేను వెయ్యలేదు. పేజీ పోయే పరిస్థితి వస్తే మనిషి వినయంగా చిన్న బొమ్మ వేసుకోవాలి, నేనేమో నా తడాఖా చూపిద్దామనుకున్నాను. రంగులు నింపి స్కాన్ చేసేసరికి మూడుకి పది నిమిషాలు తక్కువైంది. నాలుగు మెగాబైట్లు వచ్చింది. మా ఇంటి వేగానికి అది అరగంట పైమాటే.

నొక్కాను. ఇరవై ఆరుకి తగులుకుంది. గీత మెల్లగా పాకుతోంది. ఇరవై నిమిషాలు దాటాక, మూడో వంతు మాత్రమే మిగిలిందనగా, లైన్లో టిక్కుమని చప్పుడైంది, అంతే, తెగిపోయింది. మధ్యలో ఇంకొకరు ఫోన్ చేస్తే వచ్చే టిక్కు అది. ఎవరా అని ఎత్తితే ఎడిటరమ్మ. బొమ్మ బయల్దేరిందా అని కనుక్కోవడానికి చేసిందట. బయల్దేరిందండీ, మీరే దారిలో గుద్దేశారని చెప్పలేక, వస్తోందని చెప్పి పెట్టేశాను. మామయ్య వచ్చి ఆ టిక్కు రాకుండా ఆపే అంకెలేవో నొక్కారు. మెయిల్లో సగం పోయిన బొమ్మకి విలువ లేదు, మళ్ళీ మొదటినుంచి పంపాల్సిందే. ఈలోగా బయట చినుకులు మొదలయ్యాయి. రెండోసారి ఇరవై ఎనిమిది నిమిషాలు పోయాక గరగరలాడి తెగింది. మూడోసారి పదహారు వేలకి తగులుకుని ఐదు నిమిషాలకే చచ్చింది. జాయింట్లలోకి తడి దిగిందన్నారు మామయ్య వాకిట్లోంచి. అప్పటికి నాలుగు కావస్తోంది.

నేను అనకూడని మాటన్నాను. ఊళ్ళో వాళ్ళందరి లైన్లూ బాగుచేశారట, సొంత ఇంటి లైను మాత్రం ఇలా ఏడిచిందని అన్నాను. ఇంకా ఏదో అన్నాను. పేజీ పోతే పోనివ్వండి, మీకేం, అని కూడా అన్నాను. అత్తయ్య వంటింట్లోంచి బయటికొచ్చి నిలబడింది. మామయ్య లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని, తడిసిన కళ్ళద్దాలు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టారు.

"కొట్లో ఆ టంయ్ విన్నప్పుడే నాకు తెలిసిపోయిందమ్మా. ఇది లైను తప్పు కాదు. వీధి గోడ మీదున్న బూడిదరంగు డబ్బా తప్పు. అది నేను పెట్టిందే."

ఆ డబ్బాని రోజూ చూస్తాను. మీటరు డబ్బా అనుకునేదాన్ని. ఆరేళ్ళ కిందట పక్కింట్లోకి నర్సమ్మ వచ్చిందట, పురుళ్ళు పోసే నర్సమ్మ. ఫోనుకి దరఖాస్తు పెట్టి రెండేళ్ళు ఎదురుచూసింది. మా వీధి కేబుల్లో ఒక్క జత తీగ కూడా ఖాళీ లేదు. నొప్పులొచ్చినవాళ్ళ ఇంటివాళ్ళు ఆవిడ కోసం ఊరంతా వెతుక్కునేవాళ్ళు. మామయ్య పైవాళ్ళని అడిగి అనుమతి తెచ్చి, ఒక మధ్యాహ్నం మా ఇంటి జతకే ఆ డబ్బా బిగించారు. దాంతో ఒక జత మీదే రెండిళ్ళ మాటలు నడుస్తాయి. ఎలాగంటే, మాట తీగలో అలలా పోతుందట, దాన్ని ఎక్స్ఛేంజిలో ఒకసారి అంకెలు చేస్తారట. దారిలో ఆ మార్పు ఒక్కసారే జరిగితే యాభై ఆరు వస్తుంది. మా డబ్బా దాన్ని ఇంకోసారి చేస్తుంది. మాటని అంకెలు చేసి, అంకెల్ని మాట చేసి, మళ్ళీ అంకెలు చేసేసరికి సగం రాలిపోతుంది. మనుషుల మాటకి ఆ మిగిలింది చాలు, మోడెమ్ అరుపుకి చాలదు.

మరి ఆ రోజే చెప్పలేదేమని అడిగాను.

"చెప్తే పీకెయ్యమంటావు. నీకు కాదని చెప్పలేను. దాన్ని పీకనూ లేను."

నేనేమీ మహాతల్లిని కాదు. నాకు మొదట తోచింది ఆ డబ్బాని అప్పటికప్పుడు పీకించడమే. కిటికీలోంచి పక్కింటి వరండా కనిపిస్తోంది. నర్సమ్మ ఫోను చెవికి ఆనించుకుని, ఊపిరి మెల్లగా వదలమను, నేను బయల్దేరుతున్నా అని ఎవరికో చెబుతోంది. పెట్టేసి, సంచీ తీసుకుని, గొడుగు విప్పుతూ వానలోకి వెళ్ళిపోయింది. డబ్బా పీకించే ఆలోచన అక్కడే మానుకున్నాను. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు, ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక నాలోనే తిరుగుతోంది.

ఇంకో మాట కూడా ఉందన్నారు మామయ్య. మోడెముతో పాటు వచ్చిన కాగితాన్ని భూతద్దం పెట్టి చివరిదాకా చదివారట. ఆ యాభై ఆరు మనకి వచ్చేవాటికే. మనం పంపేవాటికి డబ్బా లేకపోయినా, వాన లేకపోయినా, ముప్పై మూడు దాటదట. "వినడానికి యాభై ఆరు, చెప్పడానికి ముప్పై మూడు" అన్నారు. అంటే డబ్బా పీకినా నాకు ఒరిగేది పది నిమిషాలే. ఇన్నాళ్ళూ పెట్టె మీది అంకె చూసి గంతులేశాను గానీ అది ఎటువైపు అంకో ఎవరమూ అడగలేదు.

అత్తయ్య ఆ మాట విని, ఆ యంత్రం చేసినవాడు ఎవడో గానీ పెళ్ళయినవాడై ఉంటాడు, మగాడు ఎంత వినాలో ఎంత మాట్లాడాలో బాగా తెలుసు అంది. నాకు నవ్వొచ్చింది, అంత ఏడుపులోనూ. ఒకసారి నవ్వాక మనిషికి బుర్ర పనిచేస్తుంది కాబోలు. నాకు కాదు, మామయ్యకి పనిచేసింది. నా బొమ్మ కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఇవి గళ్ళే కదా. గళ్ళకి ఫోటో ఎందుకు పంపుతున్నావు? రంగూ లెక్కా చెప్తే చాలదా?"

కేబుల్ జాయింట్ వేసేటప్పుడు ఈ చివర ఒకడు, మైలు దూరాన ఆ చివర ఒకడు కూర్చుని, రంగులు నోటితో చెప్పుకుంటూనే వందల తీగలు కలుపుతారట. ఏనాడూ ఎవరూ ఎవరికీ బొమ్మ చూపించలేదన్నారు. నేను బొమ్మ వంక చూశాను. మొదటి వరుస నీలం ఎనభై. ఇంతే. దీన్ని చుక్కలు చేసి అరగంట మొయ్యడం దేనికి.

ఎడిటరమ్మకి ఫోన్ చేశాను. బొమ్మ రాదు, అంకెలొస్తాయి, మీ దగ్గర గళ్ళు నింపుకోవాలి అని చెప్పాను. గళ్ళు నింపడానికి మనిషెవరూ ఖాళీగా లేరని, తనే కూర్చుంటానని, ఇరవై వరుసలు కాగానే ఒక మెయిల్ చొప్పున పంపమని, ఐదు కొట్టగానే ఎంతవరకైతే అంతవరకే పేజీ వెళ్ళిపోతుందని చెప్పింది. అల్లికల బొమ్మని కిందనుంచి పైకి చదవాలి కాబట్టి కింది వరుసతోనే మొదలుపెట్టాం. మామయ్య చదవడం, నేను కొట్టడం. తెలుపు ఒకటో రంగు, నీలం రెండు, నారింజ మూడు, ఆకుపచ్చ నాలుగు, గోధుమ ఐదు. టైము కలిసొస్తుందని ఒక ఒప్పందం చేసుకున్నాం, గడి ఒక్కటే ఉంటే రంగు చెప్పి ఊరుకోవాలి, ఒకటి అని చెప్పక్కర్లేదు. నాలుగూ పదికి మొదలైంది.

మామయ్య గొంతు మారిపోయింది. ఇంట్లో నసిగే గొంతు కాదది, మైలు దూరానికి చెప్పే గొంతు. నీళ్ళ వరుసలు చకచకా అయిపోయాయి. రెల్లు మొదలైంది. అత్తయ్య టీ గ్లాసులు పట్టుకొచ్చి మా పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. పద్నాలుగో వరుస అవ్వగానే "ఎనభై నాలుగొచ్చింది" అంది. తప్పు కూడి ఉంటారు, ఊరుకోండి అన్నాను. తర్వాతి వరుసకి ఎనభై ఐదంది. వయసంతా కుట్లు లెక్కపెట్టిన మనిషి కూడిక తప్పదు. మామయ్య వేలు పెట్టి మళ్ళీ చూసుకున్నారు. తెలుపు ఇరవై, తెలుపు, ఆకుపచ్చ మూడు అని చదివారు. బొమ్మలో ఇరవై తెలుపు గళ్ళ పక్కనే ఆకుపచ్చ ఉంది, మధ్యలో ఆ రెండో తెలుపు ఎక్కడిదీ అని అడిగాను. ఆయన నాలుక కరుచుకున్నారు.

కేబుల్లో తీగలు జతలుగా ఉంటాయి. తెలుపు నీలం ఒక జత, తెలుపు నారింజ ఒక జత, తెలుపు ఆకుపచ్చ, తెలుపు గోధుమ. ముప్పై నాలుగేళ్ళు అలా చెప్పీ చెప్పీ, ఏ రంగు కనిపించినా ముందు తెలుపు అనకుండా ఆయన నోరు తిరగదు. నా పిట్టవి కూడా సరిగ్గా ఆ రంగులే అయి ఊరుకున్నాయి. ఆయన అలవాటుగా అన్న ప్రతి తెలుపునీ నేను ఒక గడి కింద కొట్టేశాను. నీళ్ళ వరుసలన్నీ ఒట్టి నీలం ఎనభై కాబట్టి ఆయన చెప్పేలోపే కొట్టేశాను, అక్కడ గండం గడిచింది గానీ, రెల్లు మొదలైన దగ్గర్నుంచీ మళ్ళీ చెయ్యాల్సి వచ్చింది. ఆరు నిమిషాలు గాల్లో కలిసిపోయాయి.

అప్పట్నుంచి అత్తయ్య పెత్తనం. మామయ్య పెదాలు "తె" అనబోతే ఆవిడ వేలెత్తేది, ఆయన మింగేసి అసలు రంగు చెప్పేవారు. వరుస అవ్వగానే ఆవిడ ఎనభై అనేది, అప్పుడే నేను తర్వాతి వరుసకి వెళ్ళాలి. కాఫీ చల్లారిందని ఆయన, అది టీ అని ఆవిడ కూడా మధ్యలో ఒకసారి అనుకున్నారు, నేను కసిరితే ఊరుకున్నారు. నాలుగూ పాతికకి మొదటి ఇరవై వరుసలూ అయ్యాయి. మోడెమ్ నొక్కాను. పద్నాలుగు వేలన్నారు మామయ్య. ఏదైతేనేం, తగులుకున్నాక మెయిల్ పోయిందో లేదో చూద్దామని తల ఎత్తేలోపు పోయింది. నాలుగు మెగాబైట్లు మూడింటి నుంచి తేలని చోట ఇరవై వరుసలు రెప్పపాటులో తేలాయి. నాలుగూ ముప్పై నాలుగుకి రెండోది. నాలుగూ నలభై మూడుకి మూడోది. చివరి ఇరవై వరుసల్లో పిట్ట మెడ, తల, ముక్కు ఉన్నాయి, రంగులు గడిగడికీ మారతాయి. మామయ్య గొంతు బొంగురుపోయింది. నాలుగో మెయిల్ పోయేసరికి ఐదుకి ఏడు నిమిషాలు తక్కువ. ముగ్గురం ఫోను వంక చూస్తూ కూర్చున్నాం. ఐదూ ఐదుకి ఎడిటరమ్మ ఫోన్ చేసి, పేజీ వెళ్ళింది, శుక్రవారం చూసుకో అని పెట్టేసింది. ఆ గొంతులో సంతోషమూ లేదు, కోపమూ లేదు.

శుక్రవారం పత్రిక తెరిచాను. నా లకుముకి పిట్టకి తల లేదు. అరవై వరుసలే నింపగలిగారు. రెల్లు కాడ మీద మెడ దాకా పిట్ట ఉంది, ఆ పైన తెల్లకాగితం. దాని మీద చివరి ఇరవై వరుసలూ అంకెల్లోనే, బండ అక్షరాల్లో అచ్చువేశారు. "తల కావలసినవారు చదివి అల్లుకోగలరు" అని ఒక ముక్క. పదకొండేళ్ళ పేరు ఇలా మొండెంతో ముగిసిందని పత్రికని పరుపు కింద తోసేశాను. పది రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ మంగళవారం చిన్న సీతాకోకచిలుకని పంపాను, అది టైముకే చేరింది గానీ ఆవిడ నుంచి ఒక్క మాట లేదు.

ఆ పై సోమవారం ఎడిటరమ్మ ఫోన్ చేసింది. నలభై ఒక్క ఉత్తరాలొచ్చాయట. ఒకాయన మాత్రం పక్షిహింస అని తిట్టాడట. మిగతావాళ్ళంతా పాత బొమ్మలకి కూడా అంకెలు కావాలంటున్నారట. ఒకరు చదువుతుంటే ఒకరు అల్లుకుంటున్నామని, బస్సులో చీటీ పెట్టుకుని అల్లుకుంటున్నామని రాశారట. పేజీ నాదేనని, ఇక ప్రతివారం బొమ్మ చిన్నదిగా, అంకెలు పెద్దవిగా వేస్తామని చెప్పింది. ఫోను పెట్టేసి ఆ మాట ఇంట్లో చెబుతుంటే నా గొంతు నాకే వేరేగా వినిపించింది. మామయ్యకి క్షమాపణ చెబుదామని నోరు తెరిస్తే ఆయన, ముందు ఆ వంటింటి ఫోను మళ్ళీ బిగించాలి స్క్రూడ్రైవర్ ఏదని లేచిపోయారు.

అత్తయ్య లోపలికెళ్ళి ఒక అల్లిక ముక్క తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. లకుముకి పిట్ట తల. నీలం నెత్తి, నారింజ చెంప, గొంతు మీద తెల్లమచ్చ, పొడుగాటి ముక్కు. ఒక్క కుట్టు తప్పు లేదు. మధ్యాహ్నాలు నేను పడుకున్నప్పుడు మామయ్య చదివి పెట్టారట. నేను నవ్వి, పత్రికవాళ్ళు మొండెం వేస్తే మీరు తల అల్లారా, మిగతా పిట్ట ఏదీ అని అడిగాను.

"మిగతాదంతా బొమ్మే కదమ్మా వేశారు. అంకెలున్నంతవరకే అల్లాను. గళ్ళు నాకు కనబడక మూడేళ్ళయింది."

మూడేళ్ళుగా ఆవిడ నా పేజీ చూసి అల్లడం మానేస్తే, కోడలి బొమ్మలంటే చిన్నచూపు అనుకున్నాను. ఆ కసితో వారం వారం గళ్ళు ఇంకా సన్నం చేస్తూ పోయాను. నాకు చాలా సిగ్గేసింది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, నువ్వంత కష్టపడి వేస్తుంటే నాకు అందడం లేదని ఎలా చెప్పను అంది.

మొదటి అరవై వరుసలూ కంప్యూటర్లోనే ఉన్నాయి. తెరిచి, కుర్చీ ఆవిడ పక్కకి లాక్కున్నాను. అత్తయ్య తల ముక్కని మోకాలి మీద పెట్టుకుని, కొత్తగా ఎనభై కుట్లు సూది మీదికి ఎక్కించింది. మొదటి వరుస, నీలం ఎనభై అని చదివాను. రెండోది, మూడోది చదివేశాను. ఆవిడ సూదులు ఆపి, నేనింకా మొదటి వరుస సగంలోనే ఉన్నాను, కాస్త మెల్లగా అంది. నేను ఆగి, ఆవిడ చేతుల వంక చూస్తూ, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను.